గాయం కనిపిస్తే దండన కాదు, ఆదరణ అవసరం
స్వీయగాయాలపై పాఠశాలల బాధ్యత

న్యూఢిల్లీ: వేసవిలోనూ పొడుగు చేతుల చొక్కా విడవని విద్యార్థి, ఏదో ఒక సాకుతో ఆటల పీరియడు తప్పించుకునే విద్యార్థిని ఉపాధ్యాయుల కంట పడుతూనే ఉంటారు. ఆ దుస్తుల మాటున తమకు తాము చేసుకున్న గాయాలు ఉండవచ్చునన్న అనుమానం మాత్రం అరుదు. సంగతి బయటపడితే మందలింపు, సస్పెన్షన్, టి.సి. వంటి చర్యలే ముందుగా తోస్తాయి. శిక్షకు భయపడిన విద్యార్థి గాయాన్ని మరింతగా దాచుకుంటాడు తప్ప సహాయం కోరడు.

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023లో మరణించిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న విద్యాసంస్థలకు 15 మార్గదర్శకాలు జారీ చేసింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు అర్హత గల కౌన్సెలర్‌ను, సైకాలజిస్టును లేదా సోషల్ వర్కర్‌ను నియమించాలని న్యాయమూర్తులు విక్రమ్ నాథ్, సందీప్ మెహతాల ధర్మాసనం ఆదేశించింది. సిబ్బందికి ఏటా కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని కూడా పేర్కొంది. స్వీయగాయాల పట్ల ఎలా స్పందించాలన్నది ఆ శిక్షణలో ఒక అంశం.

గాయపరచుకున్న ప్రతి విద్యార్థీ మరణాన్నే కోరుతున్నట్లు కాదు. భరింపరాని వేదనను తాత్కాలికంగా తగ్గించుకొనే ప్రయత్నమే కొందరిది. అయినా అటువంటివారికి మున్ముందు ఆత్మహత్య ముప్పు ఎక్కువ కనుక, నలుగురి దృష్టిలో పడేందుకు చేసిన పనిగా కొట్టిపారేయరాదు.

మొదట గాయానికి చికిత్స చేయించాలి. పిదప ఏకాంతంలో, నిలదీయకుండా, వచ్చిన కష్టమేమిటో అడగాలి. చనిపోవాలన్న ఆలోచన ఉన్నదా అని సూటిగా ప్రశ్నించినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ‘ఎవరికీ చెప్పను’ అని ఉపాధ్యాయుడు మాట ఇవ్వరాదు. ఎవరికి, ఎందుకు చెప్పవలసి ఉన్నదో విద్యార్థికి ముందే వివరించాలి. ఇకపై చేయనని ఒట్టు వేయించుకోవడం వల్ల ప్రయోజనం లేదు.

తల్లిదండ్రులకు తెలపాలి. ఇంటిలోని హింసే కారణమైతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098ని ఆశ్రయించాలి. తరగతిలో గాని, ప్రార్థన సమావేశంలో గాని విద్యార్థి పేరెత్తరాదు. వివరాల ప్రచారం తోటివారిని అదే బాట పట్టించవచ్చు.

కేంద్రం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన టెలి మానస్ (14416) వంటి హెల్ప్‌లైన్ల నంబర్లను అందరికీ కనిపించేలా పెద్ద అక్షరాలతో ప్రదర్శించాలని కూడా కోర్టు ఆదేశించింది. అయితే ఆ నంబరుకు ఫోన్ చేసే ధైర్యం విద్యార్థికి కలగడం, తొలిసారి గాయాన్ని చూసిన ఉపాధ్యాయుడి మాట తీరుపైనే చాలావరకు ఆధారపడుతుంది.