తంటా తుపాకీది కాదు... పెట్టెది!

మ్యాగజైన్ అంటే మనకు ఆదివారం చేతికొచ్చే పుస్తకమే. పిస్తోలుకీ ఒకటుంటుంది. తూటాలు పేర్చి పిడిలోకి తోసే పెట్టె అది. ఎన్నికలప్పుడు అమలాపురం, రాజోలు, కొత్తపేట ఠాణాల్లో ఆయుధం అప్పగించి, ఆనక తెచ్చుకునే లైసెన్సుదారులు ముందు చూసుకోవాల్సింది దాన్నే.

పెట్టె పైఅంచులు తూటాని సరైన కోణంలో పట్టి ఉంచుతాయి. కిందపడి అవి కాస్త వంగినా తూటా ఇరుక్కుంటుంది. అందుకే చౌకబేరాలకు పోకుండా, తయారీ సంస్థ ఆ మోడల్‌కి చేసిందే లైసెన్సున్న డీలరు దగ్గర కొనాలి.

.32 పిస్తోలుకి ఇంకో పేచీ. దాని తూటా అడుగున సన్నటి అంచు పొడుచుకొచ్చి ఉంటుంది. పై తూటా అంచు కిందిదాని అంచుకి వెనక పడిందా, రెండూ పట్టేసుకుంటాయి. నింపేటప్పుడే పైది ముందుకుండేలా చూడాలి.

కోనసీమ ఉప్పుగాలికి స్ప్రింగు తుప్పుపడుతుంది. అలాగని లోపల నూనె పోస్తే దుమ్ము పేరుకుంటుంది. నూనె అద్దిన గుడ్డతో పైపైన తుడిస్తే చాలు.

రెండుంటే 1, 2 అని అంకెలు వేసుకోండి. మొరాయించేదేదో తెలిసిపోతుంది. పరీక్షించడం మాత్రం ఫైరింగ్ రేంజిలోనే, పెళ్లి ఊరేగింపులో కాదు! ప్రాణాల మీదకు తెచ్చే అలాంటి కాల్పులకు 2019 సవరణ ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ.

పిల్లలున్న ఇంట్లో మరీ జాగ్రత్త. మ్యాగజైన్ తీసేసినా గొట్టం మొదట్లో ఒక తూటా మిగిలిపోవచ్చు. స్లైడ్ వెనక్కి లాగి, కళ్లారా చూసుకున్నాకే బీరువాలో పెట్టి తాళం వేయండి. తూటాలు వేరేచోట.