గోబర్ గ్యాసుకు రోజూ మేత ఎవరు ఏస్తరు?

మా ఊర్ల ఒక దొడ్డి ఎనుక పాత గోబర్ గ్యాస్ గుంత ఉన్నది. నా చిన్నప్పుడు దాని మీద ఇనుప డ్రమ్ము బోర్లించి ఉండేది. పొద్దున డ్రమ్ము పైకి లేసేది, వంటయినంక కిందికి దిగేది. ఆ ఇంట్ల నీలి మంట మీద చాయ్ కాగుడు కళ్లార చూసిన. ఇయ్యాల డ్రమ్ము లేదు, పాత ఇనుప సామాన్ల పోయింది. గుంతల కంప మొలిచింది.

"గది ఫెయిలైంది" అంటరు ఊరోళ్లు. నేనైతే అది ఆకలికి సచ్చిందంట. ఎడ్లు పోయి ట్రాక్టర్ వచ్చింది. కొట్టం నిండ పశువులున్న ఇంట్ల ఒక్క బర్రె మిగిలింది. ఇగ గుంతకు పెండ ఏడికెళ్లి వస్తది?

ఇప్పుడు ఈ ముచ్చట ఎందుకంటే, మన పిల్లలు ఫోన్ల వీడియోలు చూసి అడుగుతున్నరు: "అన్నా, ఇంటి చెత్త ఏస్తే గ్యాస్ ఫ్రీ అంట, నిజమేనా?" గ్యాస్ వచ్చుడు నిజం. ఫ్రీ అనుడు అబద్ధం. 1999ల దీపం వచ్చింది, 2016ల ఉజ్వల వచ్చింది, 2024 ఫిబ్రవరిల మన రాష్ట్రంల 500 రూపాయల సిలిండర్ వచ్చింది. అయినా చాన ఇండ్లల్ల సిలిండర్ పక్కనే కట్టెల పొయ్యి ఇంక మండుతనే ఉన్నది. గందుకే గోబర్ గ్యాస్ మనకు కావాలె. కానీ లెక్క తెలుసుకొని కట్టాలె.

ముందు అది ఎట్ల పనిచేస్తదో చూద్దాం. గాలి సొరని గుంతల పెండ, నీళ్లు కలిపి పోస్తే కంటికి కనబడని సూక్ష్మజీవులు దాన్ని తింటయ్. ఒక రకం జీవులు దాన్ని పులియబెట్టి ఆమ్లాలు చేస్తయ్. ఇంకో రకం వాటిని తిని మీథేన్ ఇడుస్తయ్. బయోగ్యాసుల వందకు 55 నుంచి 65 పాళ్లు మీథేనే, మిగిలింది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్. బర్రె కడుపుల జరిగే పని కూడ ఇసుంటిదే. ఆ జీవులు పెండలనే ఉంటయ్ కాబట్టి మొదట పెండతోనే నింపాలె. గోబర్ గ్యాస్ కట్టుడంటే కొట్టంల ఇంకో పశువును కట్టేసుడే. రోజూ మేత పెట్టాలె, నీళ్లు పెట్టాలె.

ఎంత మేత? కిలో పెండకు సుమారు 40 లీటర్ల గ్యాస్ వస్తది. అంటే 25 కిలోలకు ఒక ఘనపు మీటరు. నలుగురైదుగురున్న ఇంటికి రెండు ఘనపు మీటర్ల ప్లాంటు కావాలె. దానికి రోజుకు 50 కిలోల పెండ, అంతే నీళ్లు. మంచిగ నడిస్తే ఒక పొయ్యి నాలుగు గంటల దాంక మండుతది. ఒక ఘనపు మీటరు గ్యాస్ 430 గ్రాముల సిలిండర్ గ్యాసుకు సమానం. ఈ లెక్కన నెలకు 25 కిలోల పైన, అంటే ఒకటిన్నర సిలిండర్ కంటే ఎక్కువ.

ఒక ఆవో ఎద్దో రోజుకు 10 కిలోల పెండ ఏస్తది, బర్రె ఇంక కొంచెం ఎక్కువ. అయితే ఆదిలాబాద్ దిక్కు పశువులు పొద్దంత అడవిల మేస్తయ్. సగం పెండ ఆడనే పడుతది. కాబట్టి పశువులను కాదు, కొట్టంల దొరికే పెండను లెక్కపెట్టుండ్రి.

మరి వంటింటి చెత్త? పల్లెల అది ఎంత మిగుల్తదని? గంజి, కూరగాయల తొక్కలు కుడితిల పోతయ్. మిగిలిన అన్నం, పాసిపోయిన కూర సన్నగ చేసి పెండతోని కలిపి కొంచెం కొంచెం పోయొచ్చు. ఒక్కసారి ఎక్కువ పోస్తే గుంత పులిసిపోయి గ్యాస్ ఆగుతది. నిమ్మ తొక్కలు ఎక్కువ పొయ్యొద్దు. సబ్బు నీళ్లు, ఫినాయిల్ అసలే పొయ్యొద్దు, లోపలి జీవులు సస్తయ్. హైదరాబాద్ బోయినపల్లి మార్కెట్ల కూరగాయల చెత్తతోని గ్యాస్ చేసి కరెంటు తీసిండ్రు. కానీ ఆడ రోజుకు టన్నుల కొద్ది చెత్త ఉంటది, చూసుకునే మనుషులు ఉంటరు.

కరీంనగర్ల వరిగడ్డి, ఆదిలాబాద్ల పత్తికట్టె కాలవెట్టుడు చూస్తే కడుపు మండుతది. కానీ ఇంటి ప్లాంటు దానికి మందు కాదు. ఎండు గడ్డి పైకి తేలి అట్ట కడుతది. పత్తికట్టె గట్టిది, ఆ జీవులకు అరగదు.

సలి సంగతి కూడ ఉన్నది. మీథేన్ చేసే జీవులకు 35 డిగ్రీల వేడి బాగ నచ్చుతది. 15 కంటే కిందికి పోతే మందగిస్తయ్. ఆదిలాబాద్ల డిసెంబర్, జనవరిల గ్యాస్ తగ్గుతది. భయపడొద్దు. మధ్యాహ్నం ఎండకు వేడెక్కిన నీళ్లతోని పెండ కలుపుండ్రి, గుంత మీద గడ్డి కప్పుండ్రి. 1984ల వచ్చిన దీనబంధు మోడల్ గుమ్మటం మొత్తం భూమిలనే ఉంటది, తుప్పు పట్టే డ్రమ్ము ఉండది.

దీనబంధు నింపుడే మొదటి పరీక్ష. రోజుకు 100 లీటర్ల మిశ్రమం, 40 రోజులు లోపల ఉండాలె, అంటే 4,000 లీటర్లు. మొదటిసారే రెండు టన్నుల పెండ కావాలె. మొదట వచ్చే గ్యాస్ మండది, బయటికి ఇడిచిపెట్టాలె. పైపు దగ్గర అగ్గిపుల్ల గీసి చూడొద్దు, పొయ్యి దగ్గరనే ముట్టియ్యాలె. లీకు ఉందా లేదా సబ్బు నురగతోని చూడాలె. గుంతల మనిషి దిగొద్దు, లోపల ఊపిరాడక పానం పోతది. సిలిండర్ స్టవ్ కూడ దీనికి పనికిరాదు, బయోగ్యాస్ బర్నర్ వేరే ఉంటది.

లాభం గ్యాస్ ఒక్కటే కాదు. పిడకలు కాలిస్తే పెండల ఉన్న నత్రజని పొగల పోతది. గోబర్ గ్యాసుల అది చాన వరకు బయటికొచ్చే స్లర్రీల ఉంటది. 2025 వానకాలంల యూరియా కోసం మన రైతులు చెప్పులు లైన్ల పెట్టి కూసున్నరు. స్లర్రీతోని యూరియా మొత్తం బంద్ అయితదని నేను చెప్పను. కానీ ఇంటెనుక పంటకు బలమైన ఎరువు తయారుగ ఉంటది.

ఇగ అసలు ప్రశ్న. ఆ 50 కిలోల పెండ, 50 లీటర్ల నీళ్లు రోజూ మోసేదెవరు? చాన ఇండ్లల్ల అమ్మనే, వదిననే. కట్టెలు మోసుడు తప్పించి పెండ మోసుడు నెత్తినేస్తే ఏం లాభం? కొట్టం పక్కనే కట్టుండ్రి, కొట్టం కడిగిన నీళ్లు తొట్టిలకే వచ్చేటట్టు చూడుండ్రి, పెండ కలుపుడు మగోళ్లు చెయ్యుండ్రి. ఇచ్చోడ మండలం ముఖరా(కె) ఊరు చెత్తతోని వర్మీకంపోస్టు చేసి పైసలు సంపాదించుకున్నదంటే, రోజూ చేసే పని వల్లనే.

సబ్సిడీ ముచ్చట కూడ చూద్దాం. కేంద్రం 2021-22 నుంచి 2025-26 దాంక జాతీయ బయోగ్యాస్ కార్యక్రమం కింద సైజును బట్టి 9,800 నుంచి 70,400 రూపాయల దాంక ఇస్తమన్నది. ఇప్పుడు ఉన్నదో లేదో రెడ్కో ఆఫీసుల అడిగినంకనే పని మొదలువెట్టుండ్రి. సబ్సిడీ కోసం గుంత తవ్వొద్దు, పెండ ఉంటేనే తవ్వుండ్రి. పైపుల నీళ్లు తీసుడు, వాల్వ్ మార్చుడు నేర్చుకున్న పిల్లగాడు ఊరికొక్కడు ఉండాలె.

తమ్ముండ్లారా, చెల్లెండ్లారా, రేపు పొద్దుగాల నుంచి వారం రోజులు కొట్టంల పెండను తూకం ఏసి రాసిపెట్టుండ్రి. రోజుకు 25 కిలోలు కూడ రాకుంటే కట్టకుండ్రి, వర్మీకంపోస్టు చేసుకోండ్రి. 50 దాటితే ఇంట్ల అందరు కూసొని పని పంచుకోండ్రి, తర్వాత మేస్త్రిని పిలువుండ్రి.