కరువు కాలంలో కాలువ గట్టున

మోకరించినా మాట పెగలని దినాలు విశ్వాసికి ఉండవని కొందరంటారు. ఉంటాయి. వాన లేక, అప్పు తీరక, ఇంట్లో బిడ్డ మంచం పట్టినప్పుడు దేవుని ప్రేమించడం ఎలాగు? ఒంగోలు సంఘ చరిత్రలో మనకొక జవాబు దొరుకుతుంది.

1876–78 కరువులో జనం ఆకలితో రాలిపోతుంటే, బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసికొన్నారు. వచ్చినవారికి పని, కూలి దొరికాయి. మన తెలుగు బోధకులే అక్కడ మేస్త్రీలు. కరువు వారి ఇండ్లనూ విడువలేదు. అయినా పగలు పని చేయించి, విరామంలో అలసినవారి పక్కన కూర్చుని ప్రభువు మాట చెప్పారు.

మాకు అంతకన్నా గొప్పగా తోచేది మరొకటి. ఎందరో బాప్తిస్మము అడిగినా దొరగారు ఇవ్వలేదు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదు గదా! 1878లో గాని తిరిగి ఇవ్వలేదు. జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కనాడే 2,222 మంది. ఈ అంకె మన ప్రసంగాల్లో తరచు వింటాం. ఆ మట్టి తట్టల సంగతి అంతగా వినం.

మా స్త్రీల సమాజంవారు పొయ్యి వెలగని ఇంటికి బియ్యం తీసుకువెళ్లినప్పుడు, ఆ గడపలో నిలబడి గుడికి రమ్మని అడగరు. ఎందుకంటే ఈ కాలువ సంగతే చెబుతారు.