ప్లాస్టర్ చేతులు: అచ్చు వెనుక శాస్త్రం, మరువరాని జాగ్రత్త

1860 మే నెలలో శిల్పి లెనార్డ్ వోల్క్ అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో అబ్రహాం లింకన్ చేతులకు ప్లాస్టర్ అచ్చు తీశారు. లింకన్ అప్పుడే రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిగా ఎంపికయ్యారు. అభినందించవచ్చిన వారితో కరచాలనం చేసి చేసి ఆయన కుడి చేయి వాచి ఉంది. ఆ వాపు ఆ అచ్చులో నేటికీ కనిపిస్తుంది.

ఇంతటి సూక్ష్మ వివరాన్ని పట్టుకునే గుణం ప్లాస్టర్‌కు ఎలా వచ్చింది? జిప్సమ్ ఖనిజాన్ని సుమారు 150 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడి చేస్తే దానిలోని నీటిలో నాలుగింట మూడు వంతులు ఆవిరైపోతుంది. మిగిలిన పొడే ప్లాస్టర్ ఆఫ్ పారిస్. మన దేశంలో ఈ ఖనిజం అత్యధికంగా లభించేది రాజస్థాన్‌లో. పొడికి తిరిగి నీరు చేరితే సూదుల వంటి స్ఫటికాలు ఏర్పడి, ఒకదానితో ఒకటి పెనవేసుకొని గట్టిపడతాయి. ఆ సమయంలో ప్లాస్టర్ స్వల్పంగా వ్యాకోచించి, అచ్చులోని ప్రతి గీతనూ నింపుతుంది.

అయితే ఈ చర్యలో వేడి పుడుతుంది. ముద్ద మందంగా ఉంటే ఉష్ణోగ్రత 60 డిగ్రీల వరకు చేరవచ్చు. అప్పటికే బిగుసుకున్న ప్లాస్టర్ నుంచి చేతిని వెనక్కు తీయడం సాధ్యం కాదు. 2007లో ఇంగ్లండ్‌లో ఒక విద్యార్థిని తన చేతుల శిల్పం కోసం వాటిని నేరుగా ప్లాస్టర్‌లో ముంచింది. తీవ్రంగా కాలిన గాయాల కారణంగా ఆమె చేతివేళ్లలో చాలావాటిని తొలగించవలసి వచ్చింది.

కనుక చేతిని ముంచవలసింది ప్లాస్టర్‌లో కాదు, ఆల్జినేట్‌లో. గోధుమరంగు సముద్రపు నాచు నుంచి తయారయ్యే ఈ పదార్థాన్ని దంతవైద్యులు పలువరుస కొలతకు వాడతారు. నీటిలో కలిపిన కొద్ది నిమిషాలకే అది రబ్బరులా గడ్డకడుతుంది. వేళ్లను నెమ్మదిగా కదిలిస్తూ చేతిని బయటకు తీస్తే లోపల చేతి ఆకారంలో ఖాళీ మిగులుతుంది. ఆల్జినేట్ ఆరితే కుంచించుకుపోతుంది కాబట్టి ప్లాస్టర్‌ను వెంటనే పోయాలి. వేలికొసల్లో గాలి బుడగలు నిలవకుండా పాత్రను మెల్లగా తట్టాలి. గట్టిపడిన తరువాత పై పొరను ఒలిస్తే గోళ్లు, కణుపులు, అరచేతి రేఖలతో సహా చేయి బయటపడుతుంది.

అచ్చు వేరు, శిల్పం వేరు. 1877లో అగస్టే రోడిన్ శిల్పం ఒకటి ఎంత సజీవంగా కనిపించిందంటే, మనిషి ఒంటి నుంచి నేరుగా అచ్చు తీశారని ఆయనపై ఆరోపణలు వచ్చాయి. మట్టితో మలిచి, దాని నుంచి అచ్చు తీసే శిల్పికి కొలతలే ఆధారం. మన శిల్పశాస్త్రాల తాళమానంలో అరచేతి మొదలు నుంచి నడిమి వేలి కొస వరకు ఉన్న పొడవు, ముఖం పొడవు సమానం. ఆ కొలత తప్పితే ఎంత నునుపు చేసినా చేయి చేయిలా కనిపించదు.

పసిపిల్లల చేతులను జ్ఞాపకంగా దాచుకోవాలనుకునే తల్లిదండ్రులు ఒక్క నియమం పాటిస్తే చాలు: ప్లాస్టర్ పోసే వేళకు అచ్చులో చేయి ఉండకూడదు.