గాలి మీద తిరిగే ఇరుసు

ఎద్దుబండి ఇరుసుకు కందెన వేయకపోతే కీచుమంటుంది, త్వరగా అరిగిపోతుంది. యంత్రాల బేరింగులకు నూనె పెట్టేదీ ఇందుకే. కాని నూనె పనికిరాని చోట్లూ ఉన్నాయి. విమానం లోపలి గాలిని చల్లబరచే యంత్రం అలాంటిది. దాని ఇరుసు నిమిషానికి పదివేలసార్లకు పైగా తిరుగుతుంది. నూనె కారితే ప్రయాణికులు పీల్చే గాలిలో కలుస్తుంది. అందుకే 1970వ దశకం నుంచి ఇలాంటి యంత్రాలలో రేకు బేరింగులు వాడుతున్నారు. వీటికి గాలే కందెన!

గాలి బరువు మోస్తుందా? మోస్తుంది. బరువు వల్ల ఇరుసు బేరింగులో కాస్త కిందికి జరిగి ఉంటుంది. అది వేగంగా తిరిగేటప్పుడు తనను అంటుకొన్న గాలిని కిందనున్న ఇరుకు సందులోకి లాక్కుపోతుంది. అక్కడ గాలి పీడనం పెరిగి ఇరుసును పైకెత్తుతుంది. తలవెంట్రుకకన్నా పలుచని గాలిపొర మీద ఇరుసు తేలుతుంది. పలుచని పొరలో పీడనాన్ని లెక్కించే సమీకరణాన్ని ఆస్బోర్న్ రేనాల్డ్స్ 1886లో ప్రకటించాడు. నొక్కితే గాలి కుంచించుకుపోతుంది కనుక, దానికి తగినట్లు ఆ సమీకరణాన్ని తరువాతివారు మార్చారు.

అయితే ఒక ప్రమాదం ఉంది. ఇరుసును అంటుకొన్న గాలి ఇరుసు వేగంతోనే కదులుతుంది. గోడను అంటుకొన్న గాలి కదలదు. కాబట్టి గాలిపొర సగటు వేగం ఇరుసు వేగంలో సుమారు సగం. ఈ గాలి తోపుడుకు ఇరుసు తన చుట్టూ తాను తిరుగుతూనే, ఇంచుమించు ఆ సగం వేగంతో బేరింగులో గుండ్రంగా ఊగసాగుతుంది. ఈ ఊపు ఇరుసు సహజ కంపనంతో కలిస్తే, ఊయలను లయ తప్పకుండా తోసినట్లు పెరిగిపోతుంది. చివరకు ఇరుసు గోడను కొట్టుకొని యంత్రం పాడవుతుంది.

ఇక్కడ రేకులు ఆదుకొంటాయి. ఇరుసు చుట్టూ నున్నని లోహపు రేకు, దాని వెనుక షెడ్డు కప్పులాగా ముడతలున్న మరో రేకు ఉంటాయి. ఇరుసు ఊగినప్పుడు ముడతలు అణగి లేస్తూ, నున్నని రేకుతోనూ గోడతోనూ రాసుకొంటాయి. ఆ ఘర్షణలో ఊపులోని శక్తి వేడిగా మారుతుంది. ఘర్షణ మరీ ఎక్కువైతే ముడతలు బిగుసుకుపోతాయి. అప్పుడు రాపిడీ ఉండదు, రక్షణా ఉండదు.

మరి ఎంత ఘర్షణ కావాలి? దీనికి కంప్యూటరు కావాలి. ఎందుకంటే పీడనం రేకును వంచుతుంది, రేకు వంగితే సందు మారుతుంది, సందు మారితే పీడనమూ మారుతుంది! అందుకని మొదట సందు ఇంత ఉంటుందని అనుకొని పీడనం లెక్కిస్తారు. దాన్నిబట్టి రేకు వంపు, కొత్త సందు తెలుస్తాయి. ఆ సందుతో మళ్ళీ పీడనం లెక్కిస్తారు. జవాబు మారకుండా నిలిచేదాకా ఇలాగే చేస్తారు. తరువాత ఆ లెక్కలోనే ఇరుసును కొద్దిగా కదిపి చూస్తారు. ఊపు తగ్గిపోతే ఆ వేగం క్షేమం. పెరిగితే ముడతల ఆకారాన్నో రేకు మందాన్నో మార్చి, లెక్క మళ్ళీ మొదలుపెడతారు.