రంగూన్ రేవులో సంపాదన.. కాకినాడకు విద్యాదానం
వీలునామాతో చిరస్మరణీయుడైన మల్లాడి సత్యలింగం నాయకర్
తాండూరు వర్తక లోకానికీ ఆదర్శం

తాండూరు: తాండూరు కంది రైతుకు బర్మా పేరు కొత్త కాదు. అక్కడి కందులు దిగుమతి అయితే ఇక్కడి ధరపై ప్రభావం పడుతుంది. ఏటా లక్ష టన్నుల కందుల దిగుమతికి భారత ప్రభుత్వం 2021లో ఆ దేశంతో ఒప్పందం చేసుకుంది. మరుసటి ఏడాదే, 2022లో, తాండూరు కందిపప్పుకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఇక్కడి రైతుకు పోటీగా నిలిచిన ఆ దేశమే శతాబ్దం కిందట తెలుగు నేలపై ఒక రేవు పట్టణానికి విద్యాదాతను అందించింది. ఆయనే మల్లాడి సత్యలింగం నాయకర్.

కోరంగి నుంచి రంగూన్‌కు..

గోదావరి ముఖద్వారంలోని కోరంగి ఒకప్పుడు ఓడల నిర్మాణానికి పేరొందిన రేవు. 1839 నవంబరులో వచ్చిన పెను ఉప్పెన దానిని ఛిన్నాభిన్నం చేసింది. కాలక్రమంలో వర్తకం కాకినాడకు తరలింది. 1852లో రంగూన్ ఆంగ్లేయుల వశమయ్యాక అక్కడి రేవులో, బియ్యం మిల్లుల్లో పనివారికి గిరాకీ పెరిగింది. తీరాంధ్ర నుంచి వేలాది మంది ఓడలెక్కారు. తెలుగువారిని బర్మాలో ‘కోరంగీలు’ అని పిలవడం ఆ వలసకు గుర్తుగా మిగిలింది.

ఈ ప్రాంతంలోనే పేద మత్స్యకార కుటుంబంలో పుట్టిన సత్యలింగం నాయకర్ సైతం ఆ బాటనే రంగూన్ చేరారు. ఓడలకు సరుకులు ఎక్కించే, దించే పనుల గుత్తేదారుగా ఎదిగి విశేషంగా ధనం ఆర్జించారు. 1915లో కన్నుమూశారు.

వీలునామాయే పెట్టుబడి

ఆయన సంపదను ధర్మకార్యాలకు వీలునామా రాశారు. అలా ఏర్పడిన ఎంఎస్ఎన్ ఛారిటీస్ కాకినాడ జగన్నాథపురం కేంద్రంగా విద్యాసంస్థలను నిర్వహిస్తూ వచ్చింది. పట్టణంలోని కళాశాల, విశ్వవిద్యాలయ పీజీ ప్రాంగణం ఆయన పేరుతోనే కొనసాగుతున్నాయి. దాత చూడని తరాలు ఆయన పేరున్న తరగతి గదుల్లో పట్టభద్రులయ్యాయి.

ఒకసారి ఇచ్చే విరాళానికీ, శాశ్వత నిధికీ తేడా ఇక్కడే ఉంది. విరాళం ఖర్చయితే అంతటితో సరి. శాశ్వత నిధిలో మూలధనం కదలదు. భూముల కౌలు, భవనాల అద్దెలు, డిపాజిట్లపై వడ్డీ మాత్రమే ఖర్చు పెడతారు. అందుకే దాత గతించినా దానం ఆగదు.

అయితే ఈ ఏర్పాటుకూ బలహీనత లేకపోలేదు. అద్దెలు పెరగకపోయినా, భూములు ఆక్రమణల పాలైనా రాబడి క్షీణిస్తుంది, ఆశయం కుంటుపడుతుంది. ఇటువంటి సంస్థల పర్యవేక్షణ బాధ్యత దేవాదాయ, ధర్మాదాయ శాఖది. 1987 నాటి చట్టం ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా వాటి స్థిరాస్తులను విక్రయించరాదు. దాత రాసిన వీలునామాను కాపాడే బాధ్యత మాత్రం ఆ ఊరి ప్రజలది కూడా.

మన ప్రాంతానికి ఏం మిగులుతోంది?

1874లో వాడి-సికింద్రాబాద్ రైలుమార్గం ప్రారంభమైన నాటి నుంచి వికారాబాద్, తాండూరు సరుకు దూరప్రాంతాలకు తరలుతోంది. నాపరాళ్లు, సిమెంటు, కందిపప్పు ఇక్కడి సంపద. బండల గనుల దుమ్ము, గోతులు ఇక్కడే మిగిలిపోతాయి.

గని ప్రభావిత గ్రామాల కోసం 2015 చట్ట సవరణ జిల్లా ఖనిజ నిధిని తప్పనిసరి చేసింది. లీజుదారులు రాయల్టీకి అదనంగా దానికి చెల్లించాలి. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు, గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలి. ఇవి చట్టం కట్టించే సొమ్ములు. ఏటా వస్తాయి, ఏటా ఖర్చవుతాయి. గనులు మూతపడితే ఆ రాబడీ ఆగుతుంది.

సత్యలింగం నాయకర్‌ను ఏ చట్టమూ నిర్బంధించలేదు. పరదేశంలో చెమటోడ్చి సంపాదించింది స్వస్థలానికి అప్పగించారు. రాయి తవ్విన కొద్దీ తరుగుతుంది. ఆ రాబడిలో కొంత భాగాన్ని శాశ్వత నిధిగా మలిస్తే, గనులు ఖాళీ అయిన నాడూ తాండూరు పిల్లల చదువుకు ఆధారం ఉంటుంది. కాకినాడ చెబుతున్న పాఠం అదే.