గడియారం అక్కరలేని ఊరు

పని చేయగల శక్తి, చేయాలన్న కోరిక ఉండి, వెతికినా పని దొరకని స్థితి నిరుద్యోగం. దీన్ని మామూలుగా శాతాల్లో చెబుతారు. ఆ శాతాల వెనుక మనుషులకు ఏమవుతుందో దగ్గరగా చూసి లెక్కగట్టిన అధ్యయనాల్లో పేరెన్నిక గన్నది ఆస్ట్రియాలోని మారియెంటాల్ గ్రామానిది.

వియన్నా నగరానికి ఆగ్నేయంగా ఉన్న ఈ ఊరు 1830లో మొదలైన ఒక వస్త్ర మిల్లు చుట్టూ పెరిగింది. వడకడం, నేయడం, చలువ చేయడం, అద్దడం అన్నీ అక్కడే. 1929 జూలైలో నూలు వడికే విభాగం మూతపడింది. తర్వాత అద్దకం, చలువ విభాగాలు ఆగాయి. 1930 ఫిబ్రవరిలో మగ్గాలూ నిలిచిపోయాయి. ఊళ్ళోని 478 కుటుంబాల్లో 367 కుటుంబాలకు జీతం తెచ్చే మనిషి ఒక్కరూ మిగల్లేదు.

దీనికి కారణాలు మిల్లు గోడల బయట ఉన్నాయి. 1918లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం ముక్కలైంది. అంతవరకు సొంత బజారుగా ఉన్న ప్రాంతాలు పరాయి దేశాలై సుంకాలు విధించాయి. పెద్ద రాజ్యానికి సరిపడా కట్టిన మిల్లులు చిన్న దేశానికి మిగిలాయి. 1929లో మొదలైన ప్రపంచ మాంద్యం ఉన్న గిరాకీని కూడా పడగొట్టింది. 1931 మే నెలలో వియన్నాలోని క్రెడిటాన్‌స్టాల్ట్ బ్యాంకు కుప్పకూలింది. దాంతో పరిశ్రమలకు అప్పు పుట్టడం కష్టమై, పొరుగూళ్ళలో పని దొరికే ఆశ కూడా సన్నగిల్లింది.

నిరుద్యోగం తనను తానే పెంచుకుంటుంది. కూలి ఆగిన ఇంట్లో ముందుగా బట్టలు, చెప్పులు కొనడం మానేస్తారు, తర్వాత తిండి ఖర్చు తగ్గిస్తారు. అప్పుడు వాటిని తయారుచేసేవారికీ అమ్మేవారికీ పని తగ్గుతుంది. ఒకరి కూలే మరొకరి బేరం. ఆర్థికవేత్త కీన్స్ 1936లో వెలువరించిన గ్రంథం ఈ గిరాకీ లోపాన్నే నిరుద్యోగానికి మూలంగా చూపింది.

1931 చివర్లో మారీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ ఉన్న పరిశోధక బృందం మారియెంటాల్‌కు వచ్చింది. ఊరివాళ్ళకు బట్టలు పంచుతూ, వైద్య సేవలు ఏర్పాటు చేస్తూ వారి బతుకును గమనించింది. చాలా ఇళ్ళు ప్రభుత్వ భృతి మీదే నడుస్తున్నాయి. భృతి అందే ముందు రోజు బడిపిల్లల్లో సగం మంది మధ్యాహ్నానికి వట్టి రొట్టె తెచ్చుకున్నారు, లేదా ఏమీ తెచ్చుకోలేదు. క్రిస్మస్ కానుకగా ఏం కావాలో రాయమంటే, ఇక్కడి పిల్లల కోరికల ఖరీదు చుట్టుపక్కల ఊళ్ళ పిల్లల కోరికల్లో మూడో వంతే తేలింది.

పరిశోధకులను ఆశ్చర్యపరిచినది తీరిక విషయం. రోజంతా ఖాళీగా ఉన్నా, రుసుము ఎత్తేసినా, గ్రంథాలయంలో పుస్తకాలు తీసుకెళ్ళడం రెండేళ్ళలో దాదాపు సగానికి పడిపోయింది. పెద్ద వీధిలో నడిచే మగవాళ్ళలో మూడింట రెండు వంతుల మంది కనీసం రెండుసార్లు ఆగి నిలబడ్డారు. గమనించిన నూరుమంది మగవాళ్ళలో 88 మంది చేతికి గడియారం లేదు. వంటా వార్పూ, పిల్లల పనీ తప్పని ఆడవాళ్ళు మాత్రం వారికంటే ఒకటిన్నర రెట్లు వేగంగా నడిచారు.

భృతి తీసుకునేవారు చాటుగా చిన్నాచితకా పని చేస్తే అది రద్దయ్యేది. అందుకే ఇరుగుపొరుగు మీద ఆకాశరామన్న ఉత్తరాలు పెరిగాయి. తిరుగుబాటు మాత్రం రాలేదు. దాదాపు 70 శాతం కుటుంబాలు ఆశలు తగ్గించుకుని రోజులు నెట్టుకొచ్చాయి. నిబ్బరం చెదరని ఇళ్ళలో ఒక్కో మనిషికి నెలకు సగటున 34 షిల్లింగుల రాబడి ఉంటే, అన్నీ వదిలేసుకున్న ఇళ్ళలో అది 19 మాత్రమే. రాబడి తగ్గేకొద్దీ మనసు కుంగడం ఈ అంకెల్లోనే కనిపించింది.

ఈ అధ్యయనం 1933లో పుస్తకంగా వచ్చింది. పని మనిషికి కూలితో పాటు ఐదింటిని ఇస్తుందని యహోడా తర్వాతి కాలంలో వివరించారు: రోజుకు ఒక వేళాపాళా, ఇంటి బయటి మనుషులతో పరిచయం, నలుగురితో కలిసి సాధించే లక్ష్యం, సమాజంలో ఒక స్థానం, క్రమం తప్పని వ్యాపకం. భృతి ఇచ్చి పోయిన కూలిలో కొంత పూడ్చవచ్చు. మిగిలిన ఐదూ తిరిగి రావాలంటే మళ్ళీ పని దొరకాల్సిందే.